కొండెక్కని కారుకి క్లచ్చు

ఖరిదా, ఖరగ్‌పూర్
28 జనవరి 2025

బావమరిది జగ్గారావుకి తవిటయ్య ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాసింది.

సింహాచలం కొండ మీద నువ్వు కొట్టిన హారన్ నా చెవిలో ఇంకా మోగుతోంది. పదకొండేళ్ళయింది. చెవి మందగించింది గానీ ఆ హారన్ మందగించలేదు. ఘాటు రోడ్డు మీద నా అంబాసిడర్ ఆగిపోతే, ఆడవాళ్ళూ పిల్లలూ దిగి నడుస్తుంటే, నువ్వు నీ తెల్ల కారులో పక్కనుంచి దాటిపోతూ ఒకసారి కొట్టినావు. సరే, దారి కోసం అనుకుందాం. దాటిపోయాక మళ్ళీ కొట్టినావే, అది దేనికి? పైకి వెళ్ళాక పులిహోర వరసలో నిలబడి, "మా బావ కారు కొండెక్కదర్రా, అప్పన్నే దిగి రావాల" అన్నావు. నవ్వనివాడు లేడు. మీ అక్క కూడా నవ్వింది. చెంగు అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగినాయి. నేను చూసినాను.

ఫోను చెయ్యక ఈ ఉత్తరమేటి అనుకుంటావు. ఫోనులో నువ్వు నవ్వితే నాకు వినబడతాది. కాగితం మీద నవ్వలేవు. నా చదువు రైల్వే తెలుగు బడిలో మూడో తరగతి. వర్కుషాపులో చక్రాల మీద చాక్‌పీసుతో నంబర్లేసిన చెయ్యి, అక్షరాలు లావుగా ఉంటాయి. కళ్ళజోడు లేకుండా చదువుకో.

సంగతి ఇది. మొన్న దసరాకి కారులో పాత పదిహేను వందల సీసీ ఇంజను పీకించి, ఇక్కడ ఇందా పేటలో పాత బళ్ళు విప్పే చోట పద్దెనిమిది వందలది ఏరి తెచ్చి వేయించినాను. పూరీ గేట్ దగ్గర షెడ్డున్న సిరిల్ బిగించినాడు. ఇంజను పులి. కానీ పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే పులి గాండ్రిస్తుంది, కారు మాత్రం పెళ్ళికి పిలవని చుట్టంలా ఉన్నచోటే నిలబడి చూస్తుంది. "తాతా, తాకత్ పెరిగినాది, పట్టు పెరగలేదు. పాత క్లచ్చు జారీస్తంది" అన్నాడు సిరిల్.

గాజువాకలో క్లచ్చుల దుకాణం పెట్టి నువ్వు పెద్దమనిషివైపోయావని విన్నాను. నీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా గట్టిది ఏదో రాయి. ఇది అడుక్కోవడం కాదు. నువ్వు అమ్ముతావు, నేను కొంటాను. ఈసారి ఆ కొండ మీద ఎవడు ఎవడికి హారన్ కొడతాడో చూద్దాం.

ఫిబ్రవరి పది లోపు జవాబు రాకపోతే కలకత్తాలో కొంటాను. అక్కడివాళ్ళు కనీసం చుట్టాలు కారు.

తవిటయ్య


గాజువాక
4 ఫిబ్రవరి 2025

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

తమ ఉత్తరం అందింది. దుకాణంలో అందరికీ పైకి చదివి వినిపించాను. కాగితం మీద నవ్వడానికి కుదరదన్నారు కనుక ఆ పని ఇక్కడే కానిచ్చాం.

పదకొండేళ్ళ తర్వాత తమ దయ కలిగింది. పోనీ, క్లచ్చు జారడం వల్లనైనా కలిగింది. రెండో హారన్ విషయం మనవి చేసుకుంటాను. అది తమకు కాదు, ఆవుకి. మలుపులో రోడ్డు మధ్య ఆవు పడుకుంది.

ఇక క్లచ్చు. తమరు చక్రాల మనిషి, దీని సంగతి తమకు తెలియకపోవడంలో తప్పు లేదు. ఇంజను ఒక చెయ్యి, గేరుపెట్టె ఒక చెయ్యి. ఆ రెండూ పట్టుకుంటేనే కారు కదులుతుంది. మధ్యలో ఉండే ప్లేటే ఆ పట్టు. స్ప్రింగు దాన్ని అదిమిపెడుతుంది, మనం కాలితో తొక్కితే వదులుతుంది. ఇంజను బలం పెరిగిందంటే ఒక చెయ్యి గట్టిపడింది, పట్టు మాత్రం పాతదే. జారక ఏం చేస్తుంది?

పట్టు పెంచాలంటే స్ప్రింగు గట్టిది వేయొచ్చు. అప్పుడు పెడల్ బరువెక్కుతుంది, తొక్కేవాడి కాలు విరుగుతుంది. లేదా ప్లేటు పెద్దది వేయొచ్చు. మెత్తటి లైనింగుదే, కానీ వెడల్పు ఎక్కువ, కాబట్టి పట్టూ ఎక్కువ. దానికి ప్లేటు ఆనుకునే ఇంజను చక్రం, అదే ఫ్లైవీలు, కూడా మార్చాలి, పని పెరుగుతుంది. మూడోది సిరామిక్ ప్లేటు. పందేలకి పోయే కుర్రాళ్ళు అడుగుతారు. లారీని కూడా పట్టుకుంటుంది. కానీ దానికి సగం అన్నది తెలియదు. పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు. మెల్లగా పోనిద్దామంటే ఎగిరెగిరి పడుతుంది.

"గట్టిది" అంటే చాలదు బావగారూ. అల్లుణ్ణి వెతికేటప్పుడు కండలు చూసి తెచ్చుకుంటామా? కారు ఎక్కడ నడుపుతారు? ఎంత వేగం? ఎవరు కూర్చుంటారు? తమ ఎడమ కాలు ఎలా ఉంది? ఇవన్నీ చెప్తే నేను చెప్తాను.

అక్కని అడిగానని చెప్పండి. ఈ ఏడు పూరీ గేట్ అమ్మవారి ఊరేగింపు ఎప్పుడు? మా అమ్మ పోయాక ఘటం అక్క నెత్తికెక్కింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేకపోయాను.

తమ విధేయుడు,
జగ్గారావు


ఖరిదా
12 ఫిబ్రవరి 2025

జగ్గారావుకి,

నీ మహారాజశ్రీ నీ దగ్గరే ఉంచుకో. నీ దుకాణం బోర్డు మీద రాయించుకో.

ఆ రోజు ఆవు లేదు. ఆ కొండ మీద కాలినడకన పోయినవాణ్ణి నేను. నీకు కారు అద్దంలోంచి కనపడ్డ ఆవు, నడిచేవాడికి కనపడకుండా పోతాదేటి?

నీ ప్రశ్నలు చూస్తే పెన్షన్ కాగితాల మీద ప్రశ్నలు గుర్తొచ్చినాయి. ఎక్కడ నడుపుతానా? బాలాసోర్ రోడ్డు మీద లారీలను దాటిస్తాను. తర్వాత నీ కొండ ఎక్కిస్తాను. ఎంత వేగమా? నువ్వు చూసి కుళ్ళుకునేంత. ఎవరు కూర్చుంటారా? నేను. పక్క సీట్లో ఎవరూ ఉండరు. నా ఎడమ కాలికేటి? కుడి కాలికి జత.

పెద్ద ప్లేటూ, మెత్తటి లైనింగూ, ఫ్లైవీలు మార్పూ అని నాకు పాఠం చెప్పకు. ఎక్కువ పని చెప్పి ఎక్కువ సామాను అమ్మడం ఏ దుకాణదారుడికి తెలియదు? రైలు చక్రానికీ పట్టాకీ మధ్య మెత్తగా ఏదైనా పెట్టినామా? ఇనుము మీద ఇనుము, దాని మీద యాభై పెట్టెలు. పట్టుకుంటే పట్టుకోవాలి, వదిలితే వదలాలి. మధ్యలో ఈ సగం ఏటి? సగం మనుషులు ఉంటారని తెలుసు, మీ ఇంట్లో చూసినాను. సగం పట్టు నాకు అక్కర్లేదు.

సిరామిక్ పంపు. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి, వర్కుషాపు గేజీతో తీసినాను, నీ టేపు కన్నా నమ్మకమైనవి.

మీ అక్క బాగుంది. ఊరేగింపు ఎప్పుడు జరగాలో అప్పుడు జరుగుతాది.

తవిటయ్య


గాజువాక
20 ఫిబ్రవరి 2025

బావగారికి,

సిరామిక్ ప్లేటూ, దానికి తగ్గ గట్టి స్ప్రింగు ఉన్న ప్రెషర్ ప్లేటూ రైలు పార్సెల్‌లో వేశాను. కొలతలు సరిగ్గా ఉన్నాయి. తమ గేజీకి దండం.

నేను వద్దన్నాననీ, తమరు కావాలన్నారనీ ఈ ఉత్తరం సాక్ష్యం. దీనితో మెల్లగా నడపడానికి లేదు. హాఫ్ క్లచ్ మీద పాకించడానికి అసలే లేదు. జనంలోకి, ఇరుకు సందులోకి తీసుకెళ్ళకండి. బాలాసోర్ రోడ్డు, లారీలు, కొండ అన్నారు కనుక ఇచ్చాను.

మొండిది బావగారూ. ఒకరి మాట వినదు, మధ్యలో ఆగదు, పడితే పట్టు విడవదు. పెట్టెలో పెడుతుంటే తమరిని పార్సెల్ చేస్తున్నట్టే అనిపించింది.

ఆవు ఉంది. గోధుమ రంగుది.

జగ్గారావు


ఖరిదా
6 మార్చి 2025

జగ్గారావుకి,

నీ దుకాణం తగలబడ. నువ్వు పంపింది క్లచ్చు కాదు, గాడిద వెనక కాలు.

సిరిల్ బిగించినాడు. నేను ఎక్కి కూర్చుని గేరు వేసి కాలు వదిలినాను. కారు ఒక్క ఎగురు ఎగిరి షెడ్డు గుమ్మంలో పడింది. మళ్ళీ ఎగిరింది, ఆగింది. ఇంకోసారి తీస్తే మేకపిల్లలా నాలుగు గంతులేసి ఇంజను ఆగిపోయింది. పూరీ గేట్‌లో టోటోలు, అవే బ్యాటరీ రిక్షాలు, నడిపే బెంగాలీ పిల్లలంతా చుట్టూ చేరినారు. "దాదూ, గాడీ నాచ్‌ఛే!" అని ఒకడు అరిచినాడు. కారు నాట్యం చేస్తోందట. నలభై ఏళ్ళు ఆ వీధిలో తలెత్తుకు తిరిగినవాణ్ణి.

పెడల్ సంగతి చెప్పక్కర్లేదు. దాన్ని తొక్కడం కన్నా వ్యాగన్ చక్రాన్ని కాలితో దొర్లించడం తేలిక. నా కాలికి ఏం లోపం ఉందని కాదు, పెడల్ లోపం చెప్తున్నాను.

ముందు సీట్లో పెట్టిన బిందెడు నీళ్ళు ఒక్క చుక్క మిగలకుండా ఒలికిపోయినాయి. సీటు తడిసింది, మీ అక్క చీర తడిసింది, మళ్ళీ ఆ నవ్వు. ఈసారి చెంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. "మా తమ్ముడు పంపిన క్లచ్చుతో నాకు తలంటు పోసినావు" అంది.

నాకు తెలుసు, నువ్వు కావాలని పంపినావు. కొండ మీద నవ్వింది చాలక నా వీధిలోనే నన్ను నవ్వులపాలు చెయ్యాలని. ఇప్పుడు ఏం పంపుతావో, ఎప్పటికి పంపుతావో పదిహేనో తేదీ లోపు రాయి. ఆలస్యమైతే ఈ ప్లేటు మీ ఇంటి గుమ్మానికి దిష్టికి కట్టిస్తాను.

తవిటయ్య


గాజువాక
11 మార్చి 2025

బావా,

తమరు తమరు అని రాసి నా చెయ్యి నొప్పెట్టింది. ఇంక వల్ల కాదు.

కొండెక్కే కారులో, పక్కన ఎవరూ కూర్చోని సీట్లో, బిందెడు నీళ్ళెందుకు? దాని పక్కన అక్కెందుకు? నీ ఉత్తరం రెండుసార్లు చదివి, నిన్ను అడిగితే రైలు పట్టాల కథ చెప్తావని అక్కకే ఫోన్ చేశాను.

అక్క అంతా చెప్పింది. డిసెంబరు నుంచి మోకాళ్ళు పట్టేశాయనీ, గుమ్మం దిగాలంటే గోడ పట్టుకుంటోందనీ, ఘటం నెత్తిన పెట్టుకుని పూరీ గేట్ సందులన్నీ తిరగలేనంటోందనీ. గుడి కమిటీ వెంకటరావు ఘటాన్ని తన కోడలు రాధారాణికి ఇప్పించమన్నాడనీ, నువ్వు గుళ్ళోనే అతనితో పోట్లాడావనీ. అక్క ఘటాన్ని ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంటుంది, నేను నడుపుతాను అన్నావనీ. అందుకు వాళ్ళు ఒప్పుకుని, పసుపునీళ్ళు దారిలో ఒలికితే మాత్రం వచ్చే ఏటినుంచి ఘటం రాధారాణిదే అన్నారనీ. ఏప్రిల్ ఇరవై ఆదివారం ఊరేగింపట.

అది మా అమ్మ మోసిన ఘటం బావా. మా నాన్న వర్కుషాపులో చేరిన కొత్తలో, శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న నాలుగు గిన్నెలతో పాటు అమ్మ తెచ్చుకున్న మొక్కు. నాకు చెప్పలేదు. "మీ అక్క బాగుంది" అని మూడు ముక్కలు రాశావు. అక్క మోకాళ్ళు నీ పరువేమిటి, దాచుకోవడానికి?

పైగా నడక వేగంతో, గుమ్మం గుమ్మానికి ఆగుతూ పోవాల్సిన కారుకి, లారీని దాటించే క్లచ్చు అడుగుతావా! రోగం తలలో ఉంటే కాలికి కట్టు కట్టించుకున్నట్టుంది. అసలు ఆ పాత ఇంజనే ఉంటే ఘటం మోయడానికి చాలు కదా? ఏం చేశావు దాన్ని?

ఇప్పుడు నే చెప్పేది విను. పెద్ద ప్లేటు పంపుతున్నాను. మెత్తటి లైనింగు, మధ్యలో కుదుపు మింగే స్ప్రింగులు. దానికి తగ్గ ఫ్లైవీలూ, తేలికపాటి పెడల్ వచ్చే ప్రెషర్ ప్లేటూ పంపుతున్నాను. పద్దెనిమిది వందల ఇంజనుకి ఈ పట్టు సరిపోతుంది, జారదు. హాఫ్ క్లచ్ మీద పసిపిల్లని ఊయల ఊపినట్టు పోతుంది. మొదట్లో నువ్వు అడిగిందీ నేను పంపిందీ వదిలెయ్. ఇది మా అమ్మ పనికి.

సిరామిక్‌ని గుమ్మానికి కట్టించనక్కర్లేదు, తిరిగి పంపించు. ఇక్కడ పందేల కుర్రాడు ఒకడు అడుగుతున్నాడు.

జగ్గారావు


ఖరిదా
21 మార్చి 2025

జగ్గారావుకి,

పాత ఇంజను తుక్కుకి పోయింది. అప్పటికి మీ అక్క మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మోకాళ్ళు ముందు చెప్పి పడతాయేటి?

మీ అక్క నీకు ఫోనులో చెప్పింది. సంతోషం. ఇక ఈ ఇంట్లో నేనెందుకు, మీ ఇద్దరూ మాట్లాడుకోండి. నీకు ముందే చెప్తే ఏమనేవాడివి? "మా అక్కని ఎలా చూసుకున్నావు బావా" అనేవాడివి. ఇప్పుడూ అన్నావు, కాకపోతే రెండు పేజీల్లో అన్నావు.

నీ పెద్ద ప్లేటు వచ్చింది. ఈసారి నీ మీద నమ్మకం లేక, దేవుడి మీద నమ్మకంతో బిగించినాం. వర్కుషాపులో కొత్త సామాను ఏదైనా ఉత్తినే బిగించే అలవాటు మాకు లేదు. అమ్మవారి ముందు పెట్టించి, నువ్వులనూనె రాసి, పసుపు పూసి, కుంకుమ పెట్టి అప్పుడు సిరిల్ చేతికి ఇచ్చినాను. సిరిల్ ఏదో గొణిగినాడు గానీ వాడి దేవుడు వేరు, వాడికేం తెలుసు?

పెడల్ మెత్తగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఏం లాభం? మళ్ళీ జారడం. పాతదాని కన్నా ఎక్కువ జారుతోంది. ఇంజను గోల గోల, కారు నత్తనడక, కింది నుంచి పూరీలు వేయించిన వాసన. రైల్వే మైదానం దాకా వెళ్ళి వెనక్కి నెట్టుకుని వచ్చినాం. సిరిల్ నెట్టినాడు, టోటో పిల్లలు నెట్టినారు, నేను స్టీరింగు పట్టుకున్నాను. మీ అక్క సందులో నిలబడి, "ఏటీ, ఇది కూడా కొండేనేటి?" అని అడిగింది.

"సరిపోతుంది, జారదు" అని రాసినావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. ఊరేగింపు దగ్గరికొచ్చేసింది. వెంకటరావు నా కారు కేసి చూసి మీసం దువ్వుకుంటున్నాడు. ఆవు లేని చోట ఆవుని చూసినవాడివి, పట్టు లేని ప్లేటులో పట్టు చూసినావు. ఏం చేస్తావో ముప్పయ్యో తేదీ లోపు రాయి.

తవిటయ్య


గాజువాక
26 మార్చి 2025

బావా,

మొదట నీ ఉత్తరం చదివి ఇంజను వెనక సీలు కారుతోందేమో అనుకున్నాను. సిరిల్‌కి ఫోన్ చేసి కింద పడుకుని చూడమన్నాను. ఇంజను పొడిగా ఉందన్నాడు. తర్వాత ఉత్తరం మళ్ళీ తీశాను. పూరీల వాసన దగ్గర ఆగాను. నువ్వులనూనె దగ్గర కుర్చీలో కూలబడ్డాను.

నా తండ్రీ, క్లచ్ ప్లేటుకి ఎవడైనా తలంటు పోస్తాడా?

నీ బేరింగుకి నూనె పెడితే అది తిరుగుతుంది. దాని ధర్మం జారడం. క్లచ్ ధర్మం పట్టుకోవడం. దానికి నూనె పెట్టడమంటే తాడు లాగే పందెంలో మనవాళ్ళ చేతులకే వెన్న పూసి పంపడం. ఆ లైనింగు మెత్తటిది, నూనె తాగేస్తుంది. తాగాక కడిగినా పోదు. ప్లేటు పాడైనట్టే. సిరామిక్‌కి కూడా పూజ చేశావా? చేసే ఉంటావు. అది నీలాంటిదే కనుక వేడికి మాడ్చుకుని తట్టుకుంది.

ఈ పనిలో ముప్పై ఏళ్ళుగా కాలిన ప్లేట్లు చూశాను, విరిగినవి చూశాను, నీళ్ళలో మునిగినవి చూశాను. పసుపూ కుంకుమలతో ముత్తైదువలా వెళ్ళిపోయిన ప్లేటు ఇదే. సిరిల్ గొణిగింది ఏమిటో అడిగాను. "అంకుల్, పండగ వాళ్ళది, ప్లేటు మీది, మధ్యలో నానెవుణ్ణి అని ఊరుకున్నాను" అన్నాడు.

అలాంటిదే ఇంకో ప్లేటు పంపుతున్నాను. పూజ మానమనను, అమ్మకి కోపం. పెట్టెకి చెయ్యి. అట్టపెట్టెకి బొట్టు పెట్టు, హారతివ్వు, కావాలంటే కొబ్బరికాయ కొట్టు. లోపలిది మాత్రం సిరిల్ చేతులు సబ్బుతో కడుక్కుని పొడిగుడ్డతో తీస్తాడు. నువ్వు ఆ చుట్టుపక్కల ఉండకు. ఫ్లైవీలు కూడా తుడవమన్నాను.

బిగించాక అక్క ఒళ్ళో బిందె పెట్టి షెడ్డు నుంచి ఖరిదాలో ఇంటి దాకా నడిపి చూసి, సంగతి రాయి. ఒలికితే ఒలికిందని రాయి. ఇకమీదట నాకు సగం సగం రాయకు.

ఒక మాట. నేను తొలి ఉత్తరంలో నీ ఎడమ కాలు అడిగాను. "కుడి కాలికి జత" అన్నావు. మళ్ళీ అడుగుతున్నాను.

జగ్గారావు


ఖరిదా
3 ఏప్రిల్ 2025

జగ్గారావుకి,

ఉగాది వెళ్ళింది. పచ్చడిలో చేదే ఎక్కువ పడింది నాకు. మీ అక్క కలిపింది, చెప్పాలా?

ప్లేటు వచ్చింది. పెట్టెకి బొట్టు పెట్టినాను. సిరిల్ ఆస్పత్రిలో డాక్టరులా చేతులు కడుక్కుని, నన్ను షెడ్డు బయట బల్ల మీద కూర్చోబెట్టి బిగించినాడు. నలభై ఏళ్ళు ఇనుముతో బతికినవాణ్ణి ఇనుము ముట్టుకోనివ్వలేదు. నీ ఆజ్ఞట.

జారలేదు. ఇంజను పిలిచింది, కారు పలికింది. దీనికి నిన్ను పొగుడుతానని ఎదురుచూడకు. మూడోసారికి సరిగ్గా పంపినావు, అంతే.

బిందె పరీక్ష కూడా చేసినాం. సిరిల్ నడిపినాడు. అంచుదాకా నింపిన బిందె మీ అక్క ఒళ్ళో. సైకిళ్ళు, టోటోలు, రోడ్డు మీద ఎండబెట్టిన బట్టలు, అన్నిటి మధ్యా నడిచే మనిషికి తోడు నడిచినట్టు నడిచింది. గుమ్మం గుమ్మానికి ఆపినాడు, తీసినాడు. చుక్క ఒలకలేదు. తిరిగొచ్చేటప్పుడు నేను నడిపినాను. సగం ఒలికింది.

కారు అదే, రోడ్డు అదే, ప్లేటు అదే. నీళ్ళు మారినాయి అన్నాను. మీ అక్క నవ్వలేదు. నాకు అదే బాగోలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నవ్వాల్సిన చోట నవ్వకుండా, తడిసిన చీర పిండుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది.

సగం రాయొద్దన్నావు. పూర్తిగా రాస్తున్నాను, ఒక్కసారే రాస్తాను. నా ఎడమ కాలు నడవమంటే నడుస్తుంది. తొక్కమంటే తొక్కుతుంది, వదలమంటే వదులుతుంది. మధ్యలో పట్టుకుని ఉండమంటే వణుకుతుంది. నిరుటి నుంచి. నువ్వు ఎన్ని రకాల ప్లేట్లు పంపినా ఆ వణుకుడు మధ్యలో దూరుతుంది. దీని మీద నువ్వు ఒక్క జోకు రాసినా ఆ కాగితం చించేస్తాను.

సిరిల్ నడుపుతానన్నాడు. ఏప్రిల్ ఇరవై వాళ్ళకి ఈస్టరు, తెల్లారి గుడికి పోయొచ్చి నడుపుతానన్నాడు పాపం. కానీ వెంకటరావు కొత్త మాట ఎత్తినాడు: "ఘటం ఏ ఇంటిదో ఆ ఇంటోడే తోలాల. పైవోడు తోలితే అది ఊరేగింపు కాదు, టాక్సీ." వాడి నోట్లో మన్ను. కానీ మిగతా పెద్దలు కూడా తలలూపినారు. మీ అక్క, "పోనీలెండి, రాధారాణికి ఇచ్చీండి, మంచి పిల్లే" అని లోపలికి పోయింది. గుమ్మం పట్టుకుని పోయింది. ఆ గుమ్మం దాటడం చూసినాక నాకు అన్నం సయించలేదు.

ఘటం ఏ ఇంటిది? మీ అమ్మది. ఆ ఇంటి కొడుకు ఎవడు? నువ్వు. నేను పెద్దల్ని అడిగినాను, కాదనలేకపోయినారు. వెంకటరావు మీసం దువ్వడం ఆపినాడు.

కాబట్టి నువ్వు రావాలి. ఇది బతిమాలుకోవడం కాదు, మీ అమ్మ పని నీకు అప్పజెప్పడం. షరతులు ఉన్నాయి, రాసుకో.

నువ్వు నా కారు నడుపుతావు. పక్కన మీ అక్క ఘటంతో కూర్చుంటుంది. ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చిన ప్రతి గుమ్మం దగ్గరా ఆపుతావు. నేను చెప్పులు లేకుండా కారు ముందు నడుస్తాను, జనాన్ని తప్పిస్తాను. నడవడానికి నా కాలు బాగానే ఉంది. పూరీ గేట్ నుంచి మొదలుపెట్టి మళ్ళీ గుడి దాకా నువ్వు నా వెనకే రావాలి. నేను మెల్లగా నడుస్తాను, ఆగుతాను, తెలిసినవాళ్ళతో మాట్లాడతాను. నన్ను దాటకూడదు. హారన్ కొట్టకూడదు. ఒక్కసారి కూడా. ఈ సందుల్లో నిజంగానే ఆవులుంటాయి, గోధుమ రంగువి కూడా ఉంటాయి. అయినా కొట్టకూడదు. నేను తోలతాను ఆవుల్ని.

నీ కారులో రాకు. రైల్లో రా. స్టేషనుకి సిరిల్ వస్తాడు. అలవాటు కావడానికి రెండు రోజులు ముందే దిగు, బిందెతో సందులన్నీ తిరిగి చూద్దువుగాని. మీ అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తానంటేనే చెప్తాను. రానంటే అసలు అడగనే లేదనుకుంటాను, ఈ ఉత్తరం కాల్చెయ్యి.

వస్తావో రావో ఏప్రిల్ పన్నెండు, శనివారం లోపు నాకు తెలియాలి. ఆదివారం పొద్దున్నే పెద్దలకి మాటివ్వాలి. ఉత్తరం అందదనుకుంటే ఫోను చెయ్యి. నవ్వకుండా చెయ్యి.

తవిటయ్య